జీతం రోజు గుత్తొంకాయ

జీతాలు పడిన రోజు మా గాజువాక అపార్ట్‌మెంటంతా తిరగమోత వాసనే. నెలాఖరుకు డబ్బు చాలనివాళ్లు తమ నాలుక రుచిని తాకట్టు పెట్టి ఇల్లు గడుపుకుంటారు. జీతం పడగానే విడిపించుకుని, ఆ పూట పండగలా వండుకుంటారు. పక్కింటి నూకాలమ్మ పిన్ని పొద్దున్నే ఆవకాయ ముక్క బుగ్గన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"మీకింకా ఆ అవసరం రాలేదేటే? అదృష్టవంతులమ్మా," అంది.

నాకు గర్వంగా అనిపించింది. ఏం వచ్చినా రుచి మాత్రం తాకట్టు పెట్టకూడదని పెళ్లయిన రోజే నేనూ దివాకరూ అనుకున్నాం.

సాయంత్రం కొత్త మూకుడులో గుత్తొంకాయ కూర చేశాను. వంకాయలు చిటపటమంటుంటే నేనూ ఒక పాటందుకున్నాను. దివాకర్ రాగానే వడ్డించాను.

"అదిరిందోయ్," అంటూ మళ్లీ వేసుకున్నాడు.

మురిసిపోయి నేనూ ఒక ముద్ద తిన్నాను. కూరలో అసలు ఉప్పే వేయలేదు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది."

నేను ఉప్పు డబ్బా తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టాను. అతనికి అర్థమైంది.

"పోయిన నెల అద్దె కోసం తాకట్టు పెట్టాను," అన్నాడు తల వంచుకుని. "ఇవాళ విడిపిద్దామనుకున్నాను. జీతం మధ్యాహ్నానికే కిస్తీలకి పోయింది."

"మరి రోజూ బాగుంది, బాగుంది అంటావు?"

"కాపురానికొచ్చిన రోజు టమాటా పచ్చడి చేశావు కదా. ఏం తిన్నా అదే గుర్తుచేసుకుంటున్నాను. నవ్వకు."

నాకు నవ్వు రాలేదు. ఉప్పు డబ్బా చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాన్ని తెరవకుండా, అదే కూర నా కంచంలో నిండుగా వడ్డించుకున్నాను.