గోరింకను పొమ్మన్న గానుగెద్దు

గానుగ తిప్పే ఎద్దు ఒకటి ఉండేది. పొద్దున్నే దాని కళ్లకు గంతలు కట్టేవారు, చీకటి పడ్డాక విప్పేవారు. ఆ నడుమ లోకంలో ఏం జరిగినా, దాని కొమ్ము మీద వాలే గోరింకే చెప్పేది. "అన్నా, చింత చిగురేసింది. అన్నా, తూర్పున మబ్బు పట్టింది." దీపాల వేళకు ముందే గోరింక గూటికి పోయేది.

ఒకనాడు గోరింక అంది: "అన్నా, ఆగు. యజమాని నూనె ఎత్తుకుని సంతకు పోయాడు. రోట్లో ఒక్క నువ్వుగింజ లేదు. ఉత్త రోలు తిప్పుతున్నావు."

ఎద్దుకు చిర్రెత్తుకొచ్చింది. తెల్లారినప్పటి నుంచీ తిరుగుతోంది మరి.

"కొమ్ము మీద కూర్చుని కబుర్లు చెప్పేదానివి, పనంటే నీకేం తెలుసే? పో! మళ్లీ నీ మొహం చూపించకు!" అని తల విదిలించింది.

గోరింక ఎగిరిపోయింది. ఎద్దు ఇంకా జోరుగా తిరిగింది. గానుగ తేలిగ్గా కదులుతుంటే, అది తన బలమే అనుకుంది.

ఆ రోజు యజమాని వెలుగుండగానే వచ్చి గంతలు విప్పాడు. రోకలి ఒరుసుకుని ఒరుసుకుని, రోట్లో చెక్కపొట్టు రాలి ఉంది.

"ఇదేనట్రా నువ్వు చేసిన పని?" అని నవ్వాడు.

ఎద్దు తలెత్తి చింతచెట్టు వైపు చూసింది. కొమ్మల నిండా గోరింకలు. వాటిలో తన గోరింక ఏదో దానికి తెలియలేదు. ఇన్నేళ్లూ గొంతు విన్నదే గానీ, మొహం ఎన్నడూ చూడలేదు.

"ఒక్క మాట మాట్లాడవే, చెల్లీ!" అని పిలిచింది.

ఆ రంకెకు బెదిరి గోరింకలన్నీ ఎగిరిపోయాయి.