మెకానిక్ మాట

"ఇది స్పందన పత్రం కాదమ్మా, వకాల్తా!"

మాస్టారు ఆ రెండు కాగితాలనూ బల్లమీద పడేసేసరికి క్లాసు గొల్లుమంది. మూడో బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది. మాట బయటికి వినపడదని క్లాసంతా ఆమెను గువ్వ అంటారు.

"ఎలా రాయాలో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా. ముందు వార్తలో ఏముందో నాలుగు ముక్కల్లో రాయాలి. తర్వాత నీకేమనిపించిందో, ఎందుకనిపించిందో. అంతేగానీ పేపర్లో ఒకటుంటే నువ్వు ఇంకోటి రాస్తావా?"

వార్త జిరాక్సు అందరి ముందూ ఉంది. మాస్టారే పేపర్లోంచి కత్తిరించి, ముఖ్యమైన చోట్ల ఎర్రగీతలు గీసి మరీ తెచ్చారు. ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు తాడు తెగి ముగ్గురికి కాళ్లు విరిగాయి. 'అంతా మెకానిక్ నిర్లక్ష్యం. తాడు పాడైందని మాకెవరూ చెప్పలేదు' అని అపార్ట్‌మెంటు సెక్రటరీ వాపోయాడు. లిఫ్టు కంపెనీ ఆ మెకానిక్‌ని ఉద్యోగంలోంచి పీకేసింది. క్లాసులో దాదాపు అందరూ అతన్ని జైల్లో పెట్టమన్నారు. ముందు బెంచీవాడైతే ఏకంగా ఉరి తీయమని రాసి పదికి తొమ్మిది కొట్టేశాడు.

"నువ్వు రాసింది నువ్వే చదువు. అందరూ వినాలి."

గువ్వ చదివింది.

"'ఈ వార్తలో సెక్రటరీ మాట ఉంది. కంపెనీ మేనేజరు మాట ఉంది. ఎదురుగా ఇస్త్రీ షాపాయన మాట కూడా ఉంది. మెకానిక్ మాట మాత్రం ఒక్కటీ లేదు. అందుకే ఇది నాకు సగం వార్తే అనిపించింది. మిగతా సగం కనుక్కున్నాను. తాడు అరిగిందనీ, మార్చేదాకా లిఫ్టు ఆపేయమనీ మెకానిక్ సెక్రటరీకి మూడుసార్లు రాసిచ్చాడు.'"

"ఎవరు చెప్పారు నీకు?"

"మెకానిక్కే చెప్పాడు సార్."

"బాగుంది! దొంగని అడిగితే దొంగతనం చేశానంటాడా?"

"మరి సెక్రటరీని అడిగితే మాత్రం అంటాడా సార్?"

క్లాసు నవ్వడం మానేసింది. మాస్టారి మొహం జేవురించింది.

"అసలు ఆ మెకానిక్ నీకెలా తెలుసు?"

ఎవరితోనూ అనకూడదని గువ్వ అనుకున్న మాట అది. ఇంట్లో నాన్న జరిగింది ఒక్కసారి చెప్పి, ఆపైన నాలుగు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే ఊఁ అంటాడు, అంతే. అమ్మ ఆయన యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, ఎందుకైనా మంచిదని తలుపు వెనక తగిలించింది.

"మా నాన్న సార్."

"అదీ సంగతి!" మాస్టారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "చూశారా? దీన్నే పక్షపాతం అంటారు. రాసుకోండి. కాకిపిల్ల కాకికి ముద్దు. స్పందన పత్రానికి కాదు!"

బరబరా పెన్నులు కదిలాయి. గువ్వ కూర్చోలేదు.

"అభిప్రాయానికి ఆధారం ఉండాలని మీరే అన్నారు సార్."

"ఉందా మరి? చూపించు!"

ఆమె సంచిలోంచి నూనె మరకల సర్వీసు పుస్తకం తీసింది. మెకానిక్ అందులో కార్బన్ పెట్టి రాస్తాడు. పై తెల్ల కాగితం చించి అపార్ట్‌మెంటు సెక్రటరీకిస్తాడు. అడుగున ఉన్న పసుప్పచ్చది పుస్తకంలోనే ఉండిపోతుంది. నాన్న దాన్ని పట్టుకుని కంపెనీకి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. పొద్దున ఆయన తలగడ కిందనుంచి అడక్కుండా తీసుకొచ్చింది.

మూడు పేజీలు తిప్పి చూపించింది. అక్షరాలు వంకరే గానీ మాట తిన్నగానే ఉంది. పైన తేదీ, కింద రెండే ముక్కలు: 'తాడు అరిగింది. లిఫ్టు వాడొద్దు.'

ముందు బెంచీవాడు మెడ సాచి చూశాడు. "నిజమే సార్, మూడు తేదీలున్నాయి," అన్నాడు ఉరి తీయమన్న నోటితోనే.

"పేపరువాళ్లకి పంపిద్దాం సార్!" వెనకనుంచి ఎవరో కేకేశారు. "మన క్లాసు పేరు మార్మోగిపోతుంది!"

"ఫోటో తీయండ్రా ముందు!"

నలుగురు ఫోన్లతో లేచారు. మాస్టారు ఒక్క అంగలో వచ్చి గువ్వ చేతిలోంచి పుస్తకం లాక్కున్నారు. పేజీలు అటూ ఇటూ తిప్పారు. వెతుకుతున్న తప్పు దొరికినట్టు ఒక్కసారిగా ఆయన కళ్లు మెరిశాయి.

"దొంగ కాగితాలు!" అని అరిచారు. "మీ నాన్న నా చేతికిచ్చిన మూడూ తెల్లవి!"