మంచం నుంచి కుర్చీకి

"అలా గుడ్లప్పగించి చూస్తే లేస్తానా? చెయ్యి వెయ్యమ్మా!"

మంచం అంచున కూర్చున్న పంతులమ్మ కసిరింది. ఎదురుగా నిలబడ్డ పిచ్చుక చెమట పట్టిన అరచేతులు తుడుచుకుంది. మనిషి పిచ్చుకంతే ఉంటుందని ఆ పేరు పెట్టింది ఆమె భర్తే.

మంచాన పడ్డవాళ్ళను ఇంట్లో చూసుకునేవారికి ఆ సహాయ కేంద్రంలో ఉచితంగా పాఠాలు చెబుతారు. పాఠం అయ్యేదాకా ఇంటి దగ్గర తోడుండడానికి మనిషిని కూడా వాళ్ళే పంపుతారు. పిచ్చుక భర్తకు జబ్బు చేసి ఒళ్ళు స్వాధీనం తప్పింది. మొన్న కుర్చీలోకి మారుస్తూ అతన్ని జారవిడిచింది. దెబ్బ తగల్లేదు గాని, ఆడపడుచు కంట పడింది.

"నీవల్ల కాదు. ఆదివారం వస్తా. నా కళ్ళ ముందు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టలేకపోయావో, రోగుల్ని ఉంచే హోమ్‌లో చేర్చేస్తా" అని తేల్చేసింది.

రేపే ఆదివారం.

పంతులమ్మది భారీ విగ్రహం. అందరూ వచ్చేసరికే మంచమెక్కి కూర్చుంది. "ఈ పూటకి నేనే మీ రోగిని. కాళ్ళు కదపను, సాయం చెయ్యను, తిట్టడం మాత్రం మానను" అంటూ పాఠం మొదలుపెట్టింది. వేషం ఎంత బాగా కట్టిందంటే, కాళ్ళు రెండూ అచ్చం పిచ్చుక భర్త కాళ్ళలాగే దుంగల్లా పడివున్నాయి. తమ్ముణ్ణి చూసుకునే లారీ డ్రైవరు ఆమె చంకల కింద చేతులేసి లాగీ లాగీ ఆయాసపడ్డాడు.

"కాస్త కాలు ఊనండి మేడం, పుణ్యముంటుంది!"

"మీ తమ్ముడు ఊనుతాడా?"

"లేదండీ."

"మరి నేనెందుకు ఊనుతాను?"

గది గొల్లున నవ్వింది. అంతటివాడి వల్ల కానిది ఇప్పుడు పిచ్చుక చెయ్యాలి.

"చక్రాల కుర్చీ బ్రేకు చూశావా? సరే, నా పాదాలు నేలకు ఆనించు."

పిచ్చుక వంగి ఆనించింది. ఆ పాదాలకున్న చెప్పుల పట్టీలు ఎప్పుడో రంగు వెలిసిపోయాయి.

"కొత్తవి కొనుక్కోకూడదూ మేడం?" అన్నాడు డ్రైవరు.

"మావాడు బడిలో చేరినప్పుడు కొన్నవి. వాడికి పెళ్ళి కూడా అయింది, ఇవి మాత్రం బంగారంలా ఉన్నాయి. నువ్వు పాఠం చూడు నాయనా! ఏమ్మా, నీ మోకాళ్ళు నా మోకాళ్ళకు అడ్డం పెట్టు. నా నడుముకు కట్టిన పట్టీ గట్టిగా పట్టుకో. పైకి లాగకు, ముందుకు వంచు. నా ముక్కు నా మోకాళ్ళు దాటాలి."

వంచే కంగారులో పిచ్చుక మడమ ఆమె బొటనవేలి మీద పడింది.

"అయ్యయ్యో, తొక్కేశాను!"

"తొక్కితే తొక్కావు, పట్టీ వదలకు!"

పంతులమ్మ మొహంలో గీతైనా కదల్లేదు. "నాటకాల్లో ఉండాల్సిన మనిషి" అని గొణిగాడు డ్రైవరు.

"ఊపు... ఇంకోసారి... ఇప్పుడు తిరుగు!"

బరువైన తలుపు తన బందుల మీద తనే తిరిగినట్టు, ఆ భారీ ఒళ్ళు మంచం మీంచి లేచి, గాలిలో మెల్లగా తిరిగి, కుర్చీలో ఒదిగింది. చప్పుడు లేదు. పిచ్చుక తన చేతులను ఎవరి చేతులో అన్నట్టు చూసుకుంది.

"నేనేనా ఎత్తింది?"

"నువ్వెత్తలేదు. నేనే వచ్చాను, నువ్వు దారిచ్చావు. మీ ఆయనా అలాగే వస్తాడు. నువ్వు చెప్పావే, ఆ ఆడపడుచును రేపు గుమ్మం దగ్గర నిలబెట్టు, బాగా కనిపిస్తుంది."

పిచ్చుకకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పంతులమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది.

"పాఠం అయిపోయిందిగా మేడం, ఇక వేషం చాలించి లేవండి" అంది పిచ్చుక, మంచం కింద జారిపడ్డ చెప్పు తీసి ఇవ్వబోతూ.

పంతులమ్మ నవ్వింది గాని లేవలేదు.

చేతిలో చెప్పు తిరగబడింది.

దాని అడుగు ఇసుమంతైనా అరగలేదు.