చివరి పేజీ నంబరు

“ఇదేం నంబరమ్మా? ఏడు గీత పదహారు?”

కొత్త రైస్ కుక్కర్‌తో పాటు ఇచ్చే వాడకం పుస్తకం ప్రూఫు చీఫ్ హొసోగయా చేతిలో ఉంది. వెనక పదసూచిక, దాని ముందున్న పేజీ అడుగున ఆయన వేలు, రెండో చేతిలో ముద్ర. ఆయన తనిఖీ ఎప్పుడూ ఇంతే. చివరి నంబరు ఎనభై దాటకపోతే ముద్ర, దాటితే కత్తెర. పుస్తకం లావైతే కొన్నవాళ్లు భయపడి తెరవరని ఆయన సిద్ధాంతం.

పుస్తకం రాసిన సాయోరి గొంతు సవరించుకుంది. “ఏడో అధ్యాయంలో పదహారో పేజీ అని సార్. ఈసారి ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం ఒకటి నుంచి మొదలవుతుంది.”

“ఎందుకట?”

“ఒకచోట రెండు పేజీలు కలిపినా మిగతా అధ్యాయాల నంబర్లు కదలవు. పదసూచిక కూడా చాలావరకు అలాగే ఉంటుంది.”

“భలే ఉందే. మరి మొత్తం ఎన్ని పేజీలు?”

“ఏ అధ్యాయమూ పదహారు దాటలేదు సార్.”

“నేనడిగింది అది కాదుగా!”

పక్క బల్ల దగ్గర నత్సుమె దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొత్తం తొంభై ఆరని ఆమెకు తెలుసు. ఎక్కువైన ఆ పదహారూ ఐదో అధ్యాయం. పేరు ‘ఆవిరి కన్నం, చిన్నపిల్లలు’.

పోయిన నెల ఒక తల్లి ఫోన్ చేసింది. కుక్కర్ మీంచి బుస్సుమంటూ లేస్తున్న ఆ తెల్లటిదేమిటో చూద్దామని ఆమె కొడుకు అరచెయ్యి పెట్టేశాడట. ఏం చెయ్యాలో పుస్తకంలో వెతికేలోపే బొబ్బలెక్కిపోయిందని ఏడ్చింది. ఆ ఫోన్ ఎత్తింది సాయోరి. పాత పుస్తకంలో ఆవిరి గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అది చూసి ఆమెకు సిగ్గేసింది. అప్పట్నుంచీ ఐదో అధ్యాయం తప్ప వేరే ధ్యాస లేదు. ఈ గీతల నంబర్లన్నీ దాన్ని కాపాడుకోవడానికి వేసిన ఎత్తే.

చీఫ్ పేజీలు తిరగేస్తూ సరిగ్గా అక్కడే ఆగాడు. కుక్కర్‌ను ఎంత ఎత్తున పెట్టాలో బొమ్మ. కాలిన చెయ్యి నీళ్ల కింద పట్టుకున్న పిల్లాడి బొమ్మ. కాసేపు దాన్నే చూశాడు.

“ఇది కొత్తగా ఉంది. తీసేస్తే?”

“ఆరు ఐదవుతుంది, ఏడు ఆరవుతుంది. పదసూచిక మొత్తం గల్లంతు. ఫోన్లో జవాబులు చెప్పే అమ్మాయిలు ‘ఆరు గీత రెండు చూడండి’ అంటూ అప్పుడే నంబర్లు బట్టీ పట్టేశారు. రేపు ప్రెస్సుకి వెళ్లాలి కదా సార్!”

“అంటే నా కాళ్లూ చేతులూ కట్టేశావన్నమాట.”

“అయ్యో, అలా అనకండి సార్.”

ఆయన బుర్ర గోక్కున్నాడు. “మధ్యది లాగితే ఇల్లు కూలుతుంది, సరే. చివరిది లాగితే?”

“చివరిది లాగితే ఏ నంబరూ కదలదు. కానీ చివరిది మీ వంటల అధ్యాయం కదా!”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ అధ్యాయం ఆయన ప్రాణం. వాళ్లమ్మ చేసే వెదురు కొమ్ముల అన్నంతో మొదలై పదహారు పేజీలూ ఆయన సొంతంగా రాసినవే. మోడళ్లు మారినా అది మారదు. దాని జోలికెళ్లే ధైర్యం డైరెక్టర్‌కే లేదు.

భోజనాల గంట మోగింది. డబ్బాలు ఖాళీ చేసి, లైట్లు ఆర్పి, అందరూ కాసేపు కునుకు తియ్యడానికి ఎవరి బల్ల మీద వాళ్లు తల వాల్చారు. చీఫ్ కూడా ఎప్పటిలాగే, చేతిలో ఉన్న కొత్త ప్రూఫే తల కింద పెట్టుకుని కళ్లు మూశాడు.

సాయోరికి నిద్ర పడితేగా!

“లెక్కపెడతాడంటావా?” అంది గుసగుసగా.

“ఆయనకంత ఓపికా? కానీ పట్టుబడ్డావో, నీ అధ్యాయం మళ్లీ ఒక్క వాక్యమే” అంది నత్సుమె.

చీఫ్ కూడా తల అటోసారి ఇటోసారి తిప్పుతూనే ఉన్నాడు. లైట్లు వెలిగాక లేచి, బుగ్గ మీద అట్ట అంచు గుర్తుతోనే, పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

సాయంత్రానికి పుస్తకం సాయోరి బల్ల మీద ఉంది. అట్ట మీద ఎర్రగా ముద్ర! ఆనందం పట్టలేక దాన్ని రెండు చేతులా ఎత్తుకుంది. తేలిగ్గా తగిలింది.

గబగబా తిప్పింది. ఐదో అధ్యాయం అక్కడే ఉంది. ఆరోదీ ఉంది. ఆరో అధ్యాయం తర్వాత పదసూచిక వచ్చేసింది. అందులో ‘వెదురు కొమ్ముల అన్నం 7-1’ మీద చీఫ్ ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాడు.

పరుగున వెళ్లింది. “సార్, మీ అమ్మగారి అన్నం తీసేశారేంటి!”

“పిల్లాడి చెయ్యి కంటే వెదురు కొమ్ములు ఎక్కువా ఏంటి? ఎవరైనా అడిగితే అమ్మ ఫోన్ నంబరిచ్చెయ్. ఆవిడకీ కాలక్షేపం.”

సాయోరి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచేసింది. “తొంభై ఆరని మీ దగ్గర దాచాను. తప్పైపోయింది. కూర్చుని లెక్కపెట్టారా సార్?”

“లెక్కెందుకమ్మా?” మెడ మీది నొప్పి పట్టీని గట్టిగా నొక్కుకుంటూ అన్నాడు చీఫ్. “ఇన్నేళ్లుగా ఎనభై పేజీల మీద తల పెట్టి పడుకుంటున్నవాణ్ణి, పదహారు ఎక్కువైతే నా మెడ ఊరుకుంటుందా!”