దల్లేకి నచ్చిన గది

“నోరు తెరవండి బుజ్జి బామ్మా, ఆఁ...” అంటూ నర్సు గంజి చెంచా దల్లే నోటి దగ్గరికి తెచ్చింది. మా భోజనం ఎలా ఉంటుందో ఒక్కసారి రుచి చూడండని వృద్ధుల హోమ్ మేనేజరే కూర్చోబెట్టాడు.

దల్లే ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నాకు చేతులున్నాయి. ఇంకోసారి బుజ్జీ అన్నావంటే కొరుకుతాను. పళ్లు కూడా నావే.”

నర్సు గతుక్కుమంది. మేనేజరు నవ్వేసి, దల్లేని అక్కడే వదిలి ఆమె కొడుకు తేసిక్ వైపు తిరిగాడు. “మొదట్లో అందరూ ఇలాగే మొరాయిస్తారు సార్. వారం తిరిగేసరికి దారికొస్తారు. మతిమరుపు ఏ మాత్రం వచ్చింది? ఇల్లు దాటి వెళ్లిపోవడం లాంటివి ఉన్నాయా?”

నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకుని, బూడిదరంగు సూటు వేసుకున్న తేసిక్ నడుం వంచి నమస్కరించాడు. టౌన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మర్యాదకు పెట్టింది పేరు. “మీకు చాలా శ్రమ ఇస్తున్నాం” అన్నాడు.

“వెళ్లిపోతే ఏం చేస్తారు?” దల్లే మధ్యలో అందుకుంది.

“ఎక్కడికెళ్తారు బామ్మగారూ? రండి, చూపిస్తాను.”

వీధి తలుపు నిండా పుస్తకాల బీరువా బొమ్మ అతికించి ఉంది. “ఇది తలుపని వాళ్లకి తెలీదు. వెతికి వెతికి అలిసిపోయి వాళ్లే కూర్చుంటారు” అన్నాడు మేనేజరు గర్వంగా.

తేసిక్ ఆ బొమ్మలో ఒక పుస్తకాన్ని వేలితో నిమిరాడు. “చాలా బాగున్నాయి” అన్నాడు.

దల్లే ముఖం జేవురించింది. “బతికున్న మనిషిని ఏమార్చి గోడ వెనక పెడతావా? పైగా చూపించి మురిసిపోతావా? పద పెద్దోడా!” కొడుకు మోచెయ్యి అందుకుని, అరిగిన మోకాళ్లతోనే చరచరా బయటికి నడిచింది.

టాక్సీ డ్రైవరు వాళ్లని చూసి నిట్టూర్చాడు. “ఇదీ నచ్చలేదా? పొద్దుటిది వాసనన్నారు, దీనికేమైంది? ఇంక మన మొక్‌పో ఊళ్లో మిగిలినవి చేపల గోదాములే బామ్మగారూ.”

“అక్కడే చూస్తాను. చేపల్ని ఎవరూ బుజ్జీ అనరు.”

“అన్నగారి ముఖం చూడండి, ఎంత ఓపికో! మా అమ్మ ఇలా సతాయిస్తే మొదటి గుమ్మంలోనే దించేసి వచ్చేవాణ్ణి. పిల్లల కష్టం కూడా చూడాలి కదా.”

“మీ అమ్మ సంగతి తర్వాత. ముందు రోడ్డు చూడు.”

తేసిక్ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నాడు. ఇటు తిరిగి, “డ్రైవరుగారూ, బండి బాగా నడుపుతున్నారు” అన్నాడు.

డ్రైవరు కరిగిపోయాడు. “విన్నారా? పెంపకమంటే అదీ!”

“పెంచింది నేనే” అంది దల్లే.

మూడో హోమ్ కొండవాలులో ఉన్న పాత మేడ. లోపలికి అడుగుపెడుతూనే వెల్లుల్లి ఘాటు. దాన్ని నడిపే యోన్‌జా నేల మీద ముసలివాళ్ల మధ్య చతికిలబడి వెల్లుల్లి ఒలుస్తోంది. ఒక తాత ఆమె మీదికి పాయ విసిరాడు. “గురి తప్పింది తాతా, మళ్లీ కొట్టు” అని లేచి, వీళ్లని కూర్చోబెట్టి బార్లీ నీళ్లిచ్చింది.

“మీకు చాలా శ్రమ ఇస్తున్నాం” అన్నాడు తేసిక్ వంగి.

ఆమె అతనికి నమస్కారం పెట్టి దల్లే ఎదురుగా కూర్చుంది. “మీకు కోపం ఎప్పుడొస్తుంది అవ్వా?”

ఇలాంటి ప్రశ్న ఆ రోజంతా ఎవరూ అడగలేదు. దల్లే గ్లాసు కింద పెట్టింది. “మనిషిని ఎదురుగా పెట్టుకుని, ఆ మనిషి గురించి పక్కవాళ్లతో మాట్లాడితే. చెప్పిందే చెప్తున్నారని విసుక్కుంటే. బయటికెళ్తానంటే తలుపేస్తే.”

“తలుపు వెయ్యం అని అబద్ధం చెప్పను, రాత్రిళ్లు వేస్తాం. పగలు వెళ్తానంటే మాలో ఒకరం వెనకే నడుస్తాం. మొన్న ఒకాయన నన్ను రేవు దాకా నడిపించాడు. కాళ్లు లాగి చచ్చాననుకోండి.”

దల్లే కావాలనే గ్లాసు పక్కకి నెట్టింది. నీళ్లు నేలంతా పారాయి. యోన్‌జా రెండు గుడ్డలు తెచ్చి ఒకటి దల్లే చేతిలో పెట్టింది. “అటు మీరు తుడవండి, ఇటు నేను.”

దల్లే తుడుస్తూ అడిగింది. “ఎదురు తిరిగితే?”

“తిరగనివ్వండి. నేనూ తిరుగుతాను.”

“బాగా కష్టమైపోతే పంపించేస్తారా?”

“ఇక్కడికొచ్చాక చివరిదాకా ఇక్కడే.”

దల్లే మేడ మీది గది చూసింది. పరుపు నొక్కి చూసింది, కుళాయి తిప్పింది, కిటికీ తెరిచింది. కింద రేవులో పడవలు కనిపిస్తున్నాయి. తేసిక్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదల్లేదు. దల్లే అతని వీపు వైపు చూసింది.

“ఈ గది తీసుకుంటాను” అంది చివరికి.

ఏమైందో చూద్దామని పైకొచ్చిన డ్రైవరు గుమ్మంలోంచే చేతులు జోడించాడు. “హమ్మయ్య! ఒప్పుకున్నారా తల్లీ! అన్నగారూ, ఇవాళ్టితో మీ కష్టాలు తీరాయి.”

“మీ పక్క ఎప్పుడు వేసి ఉంచమంటారు అవ్వా?” అంది యోన్‌జా, దల్లే చెయ్యి పట్టుకుని.

దల్లే వెన్ను నిటారు చేసింది. “గుమ్మం గుమ్మంలోనూ నేనెందుకు పేచీ పెట్టానో తెలుసా? ఇక్కడ ఉండబోయే మనిషిని మీరంతా ఎలా చూస్తారో, ఆ చోట నేను కూర్చుంటే గానీ నాకు తెలీదు.”

యోన్‌జా అర్థం కానట్టు చూసింది.

“మతిమరుపు నాకు కాదమ్మా, మా పెద్దోడికి.”