గడ్డి మానేసిన గేదె

వాగు ఒడ్డున మేసే ఒక గేదెకు తన ఒళ్లు చూసుకుంటే ఒకటే దిగులు. ఓ రోజు కొంగను అడిగింది, "వదినా, ఇంత నాజూగ్గా ఎలా ఉంటావు?"

"నేను పుట్టి బుద్ధెరిగి గడ్డిపోచ ముట్టలేదు," అంది కొంగ గర్వంగా.

గేదె ఆ పూటే గడ్డి మానేసింది. కొంగలాగే కప్పను తిందామని నోరు తెరిస్తే, ఆ కప్ప ఎగిరి దాని ముక్కు మీద కూర్చుంది. నాలుగు రోజులకు గేదె డొక్కలు లోపలికి పోయాయి, పొదుగు ఎండిపోయింది.

"భలే తగ్గావు!" అని కొంగ మెచ్చుకుంది.

దూడ మాత్రం ఉత్త పొదుగును కుమ్మి కుమ్మి ఏడ్చింది. "అమ్మా, పాలేవీ?"

గేదె తిన్నగా పచ్చికలోకి నడిచి నోటినిండా గడ్డి పీకింది.

"అయ్యయ్యో, మళ్లీ గేదెలా తయారవుతావు!" అని అరిచింది కొంగ.

"నా దూడకు గేదే కావాలి వదినా," అంది గేదె నములుతూనే.