తూకం గేటు

భీమిలి శిబిరం గేటుకు కాపలావాడు లేడు. గేటే తూకం వేస్తుంది. చేరిన రోజు ఒప్పుకున్న బరువుకు దిగితేనే తెరుచుకుంటుంది. బరువు తగ్గించే శిబిరాలన్నిటికీ ఇప్పుడు ఇలాంటి గేట్లే.

సత్యవేణి పొద్దుటి నుంచి మూడోసారి దాని తూకం పలక మీద నిలబడింది. మధ్యాహ్నం సింహాచలంలో మనవరాలికి అన్నప్రాసన. మొదటి ముద్ద అమ్మమ్మే పెట్టాలని కూతురు పట్టు.

"ఇంకా పావుకిలో తగ్గాలమ్మా," అంది గేటు.

"గాజులు తీసెయ్యనా?"

"నగలూ చీరా ముందే మినహాయించానమ్మా."

ఆమెతోపాటే శిబిరంలో చేరి, తనూ ఇంకా కాస్త దిగాల్సిన భర్త పైడిరాజు వెనక నిలబడి నవ్వాడు. "రాత్రి రెండో గిన్నె జావ వద్దన్నానా? ఇన్నావా?"

సత్యవేణి జడ ముందుకు వేసుకుని చూసుకుంది. "మరి జుట్టో?"

"జుట్టు ఒంట్లో భాగమేనమ్మా."

మనవరాలు పుట్టినప్పుడు ఆ జుట్టే సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది.

"కొండ మీద ఇవ్వాల్సింది ఇక్కడ తీసెత్తావేటే?" అన్నాడు పైడిరాజు.

"తీసేది ఇక్కడ, ఇచ్చేది అక్కడ. ఆయనకా మాత్రం తెలీదేటి? మీ గెడ్డం మిషను పట్రండి."

కాసేపటికి ఆమె గుండుతో, జుట్టు మూటతో వచ్చి నిలబడింది.

"చేతిలో మూట మినహాయించాను. మీ ఆహార నియమానికి అభినందనలమ్మా," అంటూ గేటు తెరుచుకుంది.

సత్యవేణి బయటి నుంచి తిరిగి చూసింది. "మరి మీరో?"

పైడిరాజు తన బట్టతల నిమురుకున్నాడు. "నాది ఏనాడో రాలిపోనాదే. ఎల్లు, నా వంతు పాయసం కూడా తినేసి రా."